సాయంత్రం బేరం

మా వీధిలో ఇళ్ళన్నీ రోడ్డుకు దణ్ణం పెడుతూ ఉంటాయి. ఎన్నికలు వచ్చినప్పుడల్లా పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త రోడ్డు పోస్తారు. రోడ్డు జానెడు లేస్తుంది, ఇళ్ళు ఉన్నచోటే ఉంటాయి. మా చిన్నప్పుడు మెట్లెక్కి వెళ్ళిన గుమ్మాల్లోకి ఇప్పుడు మెట్లు దిగి వెళుతున్నాం. పాలకొల్లులో కాలువ పక్క వీధి మాది. వాన పడిందంటే నీళ్ళు మమ్మల్ని పలకరించకుండా పోవు.

ఆ వీధిలో, అన్నిటికన్నా పల్లంలో ఉన్న పాత డాబా ఇంటిని చేపలమ్మే వీరదుర్గ కొన్నదని విని కొట్లో కూర్చుని నవ్వాను. ఉండటానికి కాదట, బాగుచేసి లాభానికి అమ్మటానికట. నాది సిమెంటు, ఇనుము, రంగుల కొట్టు. ఇళ్ళు కొని అమ్మినవాళ్ళను ఎందరినో చూశాను. మునిగినవాళ్ళనూ చూశాను. చేపలావిడకే ఈ గాలం ఎవరు వేశారా అనుకున్నాను.

వీరదుర్గది నరసాపురం అవతల బియ్యపుతిప్ప. రోజూ పొద్దున్నే అక్కణ్ణుంచి ఆటోలో గంపలతో వచ్చి, సరిగ్గా మా కొట్టుకు ఎదురుగా వంతెన పక్కన పట్టా పరుచుకుని కూర్చుంటుంది. నేనేమో ఏటా పెనుగొండ వెళ్ళి వాసవీమాతకు మొక్కుకునే ఇంటివాణ్ణి. నీసు వాసన తగిలితే మా ఆవిడ బుజ్జమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటుంది. అయినా ఇన్నేళ్ళుగా రోడ్డుకు అటూ ఇటూ కూర్చుని ఒకరి వ్యాపారం ఒకరం చూస్తూనే ఉన్నాం. ఎవరూ అడక్కముందే చేప మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూపించడం ఆవిడ అలవాటు. నిన్నటి సరుకైతే అదీ ఎత్తి చూపించి, "ఇది నిన్నటిదండి, పులుసుకే పనికొస్తుంది" అని చెప్పి మరీ అమ్ముతుంది. వ్యాపారం చెడగొట్టుకోవడానికి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తెలియదు.

పొద్దున పండుగప్ప ధర చెప్పేటప్పుడు ఆవిడ గొంతు వంతెన అవతలికి వినిపిస్తుంది. ఎండ వాలేకొద్దీ ఆ గొంతు దిగిపోతుంది. గంపలో ఐసు కరిగిపోతుంది, చేప కన్ను తెల్లబడుతుంది, ఇంటికి తిరిగి తీసుకెళ్ళడానికి లేదు. మా ఊళ్ళో తెలివైనవాళ్ళకు ఇది తెలుసు. చీకటి పడబోయే వేళ సంచులు పట్టుకుని తీరిగ్గా వస్తారు. సగానికి అడుగుతారు. ఆవిడ పెదవి బిగించి ఇచ్చేస్తుంది. దీన్ని మా మార్కెట్లో సాయంత్రం బేరం అంటారు. పగలంతా సంపాదించింది ఆ చివరి గంటలో పోతుంది.

దాని నుంచి బయటపడటానికే ఆవిడ ఇంటి బేరంలోకి దిగింది. చేపల మార్కెట్ సందులో చంద్రరావుగారి కొట్టు అమ్మకానికి ఉంది. గోడలున్న కొట్టు, కరెంటున్న కొట్టు. పెద్ద ఐసు పెట్టె ఒకటి పెట్టుకుంటే సాయంత్రమైనా ఎవరికీ తలవంచక్కర్లేదు. దసరా దాకా ఇంకెవరికీ ఇవ్వనని చంద్రరావుగారు మాట ఇచ్చారు. వీరదుర్గ మొగుడు లోవరాజు పడవలో తన వాటా అమ్మేశాడు. ఆ డబ్బు కొట్టుకు చాలదు, ఈ మునిగిన ఇంటికీ దాని బాగుకీ చాలింది. ఇంటి మీద వచ్చే లాభంతో కొట్టు కొనాలి. ఇదీ ఆవిడ లెక్క.

ఇల్లు కొన్న మర్నాడే నా కొట్టు ముందుకు వచ్చింది. లోపలికి రాదు, మెట్టు దగ్గరే నిలబడుతుంది.

"గున్నేశ్వరరావుగారూ, దాన్ని బాగుచేయించనా, పడగొట్టి కట్టనా? మీరేవంటారండి?"

సిమెంటు వ్యాపారిని అడగాల్సిన ప్రశ్నేనా ఇది? "పడగొట్టమ్మా," అన్నాను. "పునాది ఎత్తు చేసి, పిల్లర్లు వేసి, మంచి డాబా లేపు. సరుకంతా నేనిస్తాను. అమ్మాకే డబ్బివ్వు. అప్పుడు చూడు, కొనేవాళ్ళు క్యూ కడతారు."

"ఏడాది పట్టదాండి?"

"పడుతుంది. పడితే ఏం? ఇల్లు చేప కాదు వీరదుర్గా, సాయంత్రానికి కుళ్ళిపోదు. తొందరపడకు."

ఆ మాట ఆవిడకు నచ్చినట్టే ఉంది. తనలో తను మళ్ళీ ఒకసారి అనుకుంది. కానీ ఏడాది ఆగితే దసరా వెళ్ళిపోతుంది, దసరాతో పాటు కొట్టూ వెళ్ళిపోతుంది. అది నాకూ తెలుసు. తెలిసే చెవినిల్లు కట్టుకుని పోరాను.

ఇళ్ళ బ్రోకరు పల్లంరాజుది ఇంకో దారి. "రెండు పూతలు పుట్టీ పెట్టి, రంగేసి, గోడల కిందంతా టైల్సు అతికించెయ్. ఎండాకాలంలోనే అమ్మెయ్. వాన సంగతి కొన్నవాడు చూసుకుంటాడు," అన్నాడు. పుట్టీ, రంగు, టైల్సు నా దగ్గరే ఉన్నాయి కనుక నేను ఆ దారికీ అడ్డు చెప్పలేదు.

వీరదుర్గ అడిగింది. "మొదటి వానకి నీళ్ళొస్తే, కొన్నాయన రోజూ నా గంప ముందు నుంచే కదండి వెళ్తాడు?"

పల్లంరాజు ఫోను తీసి చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

మూడో దారి చెప్పింది ఐజాక్ మేస్త్రీ. ఇళ్ళను జాకీలతో ఎత్తే పని అతనిది. భీమవరం వైపు చాలా ఇళ్ళు అలా ఎత్తాడు. గోడలను పునాది దగ్గర కొంచెం కొంచెం తొలిచి, వరసగా జాకీలు పెట్టి, ఇంటిని ఇల్లుగానే మూడడుగులు పైకి లేపి, కింద కొత్త ఇటుక కడతారు. కొత్తిల్లు కట్టే ఖర్చులో చిన్న వంతు, దసరాకి చాలా ముందే పని అయిపోతుంది. "కానీ గోడ గట్టిదై ఉండాలమ్మా. ఇటుకల మధ్య సున్నం బదులు మట్టి అడుసు ఉందంటే జాకీ పెట్టగానే జారిపోద్ది. వచ్చే వారం వచ్చి గీకి చూస్తాను," అని చెప్పి వెళ్ళాడు.

ఆ వారం ఆగి ఉంటే సరిపోయేది. మధ్యలో ఒక అకాల వాన పడింది. రోడ్డు మీద నీళ్ళన్నీ ఆ ఇంట్లోకి దిగాయి. మేమంతా మా ఇళ్ళలో నీళ్ళు బకెట్లతో తోడుకుంటుంటే, లోవరాజు మాత్రం నీళ్ళు పోయే తూముకు గోనెసంచి కుక్కి, అరుగు మీద కూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు.

"ఏం చేస్తున్నావయ్యా?" అని అడిగాను.

"గోడ చూస్తన్నానండి. పడవ కొనేముందు ఒడ్డుకి లాగి, కడుపు నిండా నీళ్ళు పోసి వదిలేత్తాం. ఎక్కడ కారితే అక్కడ బల్ల పోయినట్టు. రెండ్రోజులు ఉంచితే దీని సంగతీ తెలిసిపోద్ది."

ఇల్లు పడవ కాదని చెప్పడానికి నోరు తెరిచాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో వాదనెందుకని మూసుకున్నాను. నీళ్ళు బయటికైతే కారలేదు. గోడలు తాగేశాయి. తూము తెరిచేసరికి మోకాలి ఎత్తు దాకా ప్లాస్టరింగు అప్పడంలా ఉబ్బి, పెళ్ళలు పెళ్ళలుగా ఊడి నేల మీద పడింది. పాత రంగులన్నీ పొరలు పొరలుగా కనిపించాయి.

వీరదుర్గ గంప ఎదురింటి గట్టున పడేసి వచ్చి చూసింది. మొగుణ్ణి తిట్టిన తిట్లు నేను రాయలేను, రాసినా బుజ్జమ్మ చదవనివ్వదు. లోవరాజు తల గోక్కుంటూ నిలబడ్డాడు. ఆవిడకు ఏడుపు కూడా వచ్చింది. పడవ వాటా ఆ నీళ్ళలోనే కరిగిపోయిందనుకుంది పాపం. తరవాత కొంగుతో ముక్కు తుడుచుకుని, గోడ దగ్గర గొంతుక్కూర్చుని, ఊడినచోట వేలితో తడిమింది. ఇటుకకూ ఇటుకకూ మధ్య గోరు దిగలేదు.

కబురందుకుని వచ్చిన ఐజాక్ ముందు తల పట్టుకున్నాడు. తరవాత ఉలి తీసుకుని నాలుగు గోడలూ గీకాడు. "గీకే పని మీరే చేసి పెట్టారు," అన్నాడు లోవరాజుతో. "సున్నం, గట్టి ఇటుక. పాత మేస్త్రీ ఎవడో ధర్మాత్ముడు. ఎత్తొచ్చు."

వీరదుర్గ లేచి నిలబడింది. "ఎత్తండి," అంది.

ఎత్తే రోజున వీధి వీధంతా వచ్చింది. ఇంటి చుట్టూ జాకీలు పెట్టి, ఒక్కో జాకీ దగ్గర ఒక్కో కూలీ కూర్చున్నాడు. ఐజాక్ ఈల వేస్తే అందరూ ఒకేసారి ఒక తిప్పు తిప్పాలి. ఒకడు ఎక్కువ తిప్పినా, ఒకడు తక్కువ తిప్పినా గోడ పగిలిపోతుంది. అందరూ ఊపిరి బిగబట్టి ఉన్న ఆ సమయంలో లోవరాజు ఉండబట్టలేక పడవ లాగుతున్నట్టు "హైలెస్సా" అందుకున్నాడు. ఈల వినబడటం లేదని ఐజాక్ కేకలేశాడు. వీరదుర్గ మొగుడి నోటికి తన చెయ్యే అడ్డం పెట్టింది. ఆ చెయ్యి సాయంత్రం దాకా తియ్యలేదని మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ ఆవిడ చూపు మాత్రం గోడ మీంచి కదలలేదు. ఒక్క బీట వస్తే కొట్టు లేదు, పడవా లేదు.

బీట రాలేదు. మునిగిన ఇల్లు వెలుగులోకి వచ్చింది. కింద కొత్త ఇటుక కట్టి, ఇసక నింపి, నేల వేసి, వీధివైపు మెట్లు కట్టారు. మా వీధిలో చాలా ఏళ్ళ తరవాత మెట్లెక్కి వెళ్ళే గుమ్మం అదొక్కటే.

ఇక ప్లాస్టరింగుకు సిమెంటు, పుట్టీ, రంగులు పక్కన పెట్టి ఉంచాను. వీరదుర్గ వచ్చి గోడల పైభాగానికి మాత్రమే రంగు తీసుకుంది. పాత గోడ, కొత్త ఇటుక కలిసే చోట, చుట్టూ నడుమెత్తున అలాగే వదిలేస్తానంది.

"నీకేమైనా పిచ్చా?" అన్నాను. "చీర కట్టి రవిక మానేసినట్టుంటుంది."

"ఎత్తిన ఇల్లంటే కొనేవాళ్ళకి భయం ఉంటదండి. లోపల పగిలిందేమో, పుట్టీతో కప్పేశారేమో అనుకుంటారు. కనబడతా ఉంటే అనుమానం ఏముంది? చేపకి మొప్ప ఎత్తి చూపిస్తాను. దీనికీ అంతే."

"చేప కొనేవాడు వేరు, ఇల్లు కొనేవాడు వేరమ్మా. ఇల్లు కొనేవాడికి అందం కావాలి."

"అందం ఆళ్ళు చేయించుకుంటారు లెండి. మీ కొట్టు ఎక్కడికీ పోదు కదా."

నాకు ఒళ్ళు మండిపోయింది. సరుకు అమ్ముడుపోలేదని కొంత, మొండితనం చూసి కొంత. నేనన్నట్టే జరిగింది కూడా. వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి, "పని ఇంకా అవలేదా?" అని అడిగి వెళ్ళిపోయారు. ఇంకొందరికి ఎత్తిన ఇల్లన్నదే గిట్టలేదు. ఇంకొందరు ఇల్లు ఎవరిదని ఆరా తీసి, పేరు విని ఫోను చెయ్యడం మానేశారు. ఎందుకో పైకి చెప్పలేదు. నీసు వాళ్ళ ఇల్లనే కదా.

వినాయక చవితి వెళ్ళిపోయింది. పల్లంరాజు ఒక బేరం తెచ్చాడు. పెట్టిన ఖర్చు మాత్రం వస్తుంది, పైన ఏమీ మిగలదు. "దసరా ముంచుకొస్తోంది. వచ్చినదానికి వదిలించుకో," అన్నాడు. ఆవిడ గంపలో చేపల మీద నీళ్ళు చిలకరిస్తూ కూర్చుంది. చీకటి పడుతోంది. ఒకాయన సంచి ఊపుకుంటూ వచ్చి చందువలు సగానికి అడిగాడు. ఆవిడ ఇచ్చేసింది. తరవాత పల్లంరాజు వైపు తిరిగి, "ఇంటికి మాత్రం ఇవ్వను," అంది.

భాద్రపదం చివర్లో వాయుగుండం పట్టింది. రాత్రంతా కురిసి తెల్లవారేసరికి కాలువ, రోడ్డు, మా ఇల్లు ఒకటైపోయాయి. మాది తాతగారి నాటి పెంకుటిల్లు. మట్టి అడుసుతో కట్టిన గోడలు, జాకీ పెడితే చేతిలోకి వచ్చేస్తాయి. పడగొట్టి కట్టాలని ఏటా అనుకుంటాను. ఊరందరికీ సిమెంటు అమ్మే గున్నేశ్వరరావు ఇంట్లో మంచాల కింద నీళ్ళు పారుతుంటాయని మా వీధిలో సామెతలా చెప్పుకుంటారు. ఈసారి మంచాల మీదకే వచ్చాయి. బియ్యం బస్తా ఒకటి నేను, దేవుడి పటాలు బుజ్జమ్మ పట్టుకుని, మోకాలి లోతు నీళ్ళలో రోడ్డెక్కాం.

వేట లేదు కనుక వీరదుర్గ ఆ పూట గోడలు ఎలా ఉన్నాయో చూసుకోవడానికే వచ్చింది. మమ్మల్ని చూసి మెట్లు దిగి ఎదురొచ్చి బుజ్జమ్మ చేతిలో పటాలు అందుకోబోయి, ఆగిపోయింది.

"రండమ్మగారూ. పటాలు మీరే పట్టుకొచ్చుకోండి. లోపల పొడిగా ఉంది."

బుజ్జమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. ఎందుకో వీరదుర్గకు తెలిసింది.

"ఈ ఇంట్లో నేను నీసు వండలేదండి. గంప కూడా లోపలికి తేలేదు. కొనేవాళ్ళు ఎవరవుతారో తెలీదు కదా అని."

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఎండలోనూ వానలోనూ ఆవిడ మధ్యాహ్నం క్యారియరు ఆ ఇంటి బయటి మెట్ల మీద కూర్చునే తినేది. తన సొంత ఇంటి మెట్ల మీద. రోజూ చూశాను, ఎందుకని ఒక్కసారి కూడా అనుకోలేదు. సిగ్గేసింది. బుజ్జమ్మకు నాకన్నా ఎక్కువే వేసినట్టుంది. పటాలు తీసి వీరదుర్గ చేతిలో పెట్టి, "ఆ తూర్పు గోడకి ఆనించమ్మా," అని లోపలికి నడిచింది.

వాన తగ్గి నీళ్ళు తీసేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాం. పనేమీ లేదు కనుక గోడలు చూస్తూ కూర్చున్నాను. పాత ఇటుక ఎక్కడ ఆగిందో, కొత్తది ఎక్కడ మొదలైందో అంగుళం అంగుళం చూశాను. చెమ్మ లేదు. వెంట్రుకంత బీట కూడా లేదు. మూడో రోజు బుజ్జమ్మ నా వైపు చూడకుండానే అంది: "మన స్థలంలో మీరు కట్టేదాకా నేను బతికుండను. ఈ ఇల్లు కొనండి."

బేరానికి కూర్చున్నప్పుడు నేను వ్యాపారినే అయ్యాను. అది రక్తంలో ఉంది. వీరదుర్గ తన ధర చెప్పింది. న్యాయమైన ధరే. నేను దాంట్లో బాగా కోసి చెప్పాను. ప్లాస్టరింగు లేదన్నాను. ఎత్తిన ఇల్లన్నాను. ఆవిడ కదల్లేదు. అప్పుడు నా దగ్గరున్న అసలు అస్త్రం తీశాను.

"వీరదుర్గా, దసరా వచ్చేసింది. చంద్రరావుగారు ఇంకెంతకాలం ఆగుతారు? ఈ రోజు నేను కాదంటే రేపు నీకు ఎవరున్నారు? ఆలోచించుకో."

ఆవిడ నన్ను చూసింది. చీకటి పడబోయే వేళ సంచితో వచ్చినవాళ్ళను ఎలా చూసేదో అలాగే చూసింది. కానీ ఈసారి పెదవి బిగించలేదు. నెమ్మదిగా లేచి, కొంగు దులుపుకుంది.

"ఇల్లు చేప కాదని మీరే చెప్పారు కదండి. సాయంత్రానికి కుళ్ళిపోదు. మీరు ఆలోచించుకోండి."

మెట్లు దిగి వెళ్ళిపోతోంది. చంద్రరావుగారి కొట్టు పోతే మళ్ళీ వంతెన పక్కనే కూర్చోవాలని ఆవిడకు తెలుసు. తెలిసీ వెళ్ళిపోతోంది. లోపల్నుంచి బుజ్జమ్మ గొంతు గట్టిగా వినిపించింది. "ఇంక చాల్లెండి. ఆవిడ అడిగింది ఇచ్చెయ్యండి."

ఇచ్చాను. ఒక్క రూపాయి కూడా తగ్గలేదు.

విజయదశమికి మేము అక్కడ పాలు పొంగించుకున్నాం. ముందు గది గోడలకు నేను ప్లాస్టరింగు చేయించలేదు. సిమెంటు కొట్టువాడి ఇల్లు ఇలాగా అని వచ్చినవాళ్ళు నవ్వుతారు. నవ్వుకోనీ అని ఊరుకుంటాను.

మొన్న పని మీద చేపల మార్కెట్ సందులోంచి వెళ్ళాను. దీపాలు పెట్టే వేళ. వీరదుర్గ కొట్లో ఎత్తు పీట మీద కూర్చుని ఉంది. లోవరాజు ఐసు పగలగొడుతున్నాడు. సంచి పట్టుకున్న ఒకాయన పండుగప్పను చూపించి, చీకటి పడింది కదా, ఎంతకిస్తావని అడుగుతున్నాడు. ఆవిడ ఐసులోంచి చేపను తీసి, మొప్ప ఎత్తి చూపించింది.

"పొద్దుటి రేటేనండి," అంది. గొంతు వంతెన దాకా వినిపించింది.